ఆర్థర్ వార్టన్ – ఒక పరాయి గోల్‌కీపరు కథ

మొన్నొక శనివారం రాత్రి మా మనుమడు టీవీ ముందు కూర్చొని ఇంగ్లండువారి ఫుట్‌బాల్ పోటీ చూస్తూంటే పక్కన నేనూ చేరాను. ఆటలోని సూక్ష్మాలు నాకు తెలియవు. అయితే వ్యాకరణం చదివిన దోషం చేత ఎక్కడ పేర్ల పట్టిక కనిపించినా దాని మీదికి చూపు పోతుంది. తెర మీద పడిన పేర్లలో పోర్చుగీసు పేర్లున్నాయి, ఆఫ్రికా పేర్లున్నాయి, కొరియా పేరు కూడా ఒకటుంది. "ఇంగ్లండువాళ్ళు ఎవర్రా ఇందులో?" అని అడిగాను. వాడు నవ్వి, "వెతుక్కోవాలి తాతయ్యా" అన్నాడు. వాడి మాటలో అతిశయోక్తి లేదని తరువాత చదివి తెలుసుకున్నాను. 1999 డిసెంబరు 26న సౌతాంప్టన్‌తో ఆడిన చెల్సీ జట్టు మొదటి పదకొండుగురిలో బ్రిటను దేశస్థుడు ఒక్కడైనా లేడు. ఇంగ్లండు లీగులో అలా జరగడం అదే ప్రథమం.

అక్కడితో ఊరుకోకుండా వాడు ఎదురు ప్రశ్న వేశాడు. "మరి మొట్టమొదట వచ్చిన పరాయి దేశంవాడు ఎవరు తాతయ్యా?" ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసినా ప్రశ్నకు విరమణ ఉండదు గదా. నాలుగు వారాల పాటు దొరికినవన్నీ చదివాను. చదివినకొద్దీ వాడి ప్రశ్నలోని "పరాయి" అన్న మాటే నన్ను చిక్కుల్లో పడేసింది. ఆ చిక్కేమిటో మీ ముందుంచడానికే ఈ టపా.

పుస్తకాల్లో ఈ ప్రశ్నకు జవాబులు పలు విధాలుగా ఉన్నాయి. 1892లో అక్రింగ్టన్ జట్టుకు ఆడిన కెనడావాడు వాల్టర్ బోమన్ అని కొందరంటారు. ఐరోపా ఖండం నుంచి మొదటివాడు 1908లో టాటెన్‌హామ్‌కు ఆడిన జర్మను సంజాతుడు మాక్స్ సీబర్గ్ అని మరికొందరు. ఈజిప్టు యువకుడు హసన్ హెగాజీ 1911లో ఫుల్‌హామ్ పక్షాన దిగాడు గాని డబ్బు పుచ్చుకోలేదు. డెన్మార్కు నుంచి వచ్చి 1913లో చెల్సీలో చేరిన నీల్స్ మిడెల్‌బోదీ అదే దారి. వీరందరికంటె ముందు, జీతం పుచ్చుకొని మరీ ఆడిన ఆఫ్రికా ఖండవాసి ఒకడున్నాడు. ఆయనే ఆర్థర్ వార్టన్. నల్లజాతి ఆటగాళ్ళలో మొదటి వృత్తి క్రీడాకారుడని ఆయనకు పేరు. ఆయనకు ముందే బ్రిటిష్ గయానాలో పుట్టిన ఆండ్రూ వాట్సన్ 1881లో స్కాట్లండు జట్టుకు నాయకుడై, ఇంగ్లండును వారి గడ్డ మీదనే 6–1 తేడాతో ఓడించిన మాట వాస్తవమే. కాని ఆయన ఆడిన క్వీన్స్ పార్క్ జీతం ఊసెత్తని క్లబ్బు. తరువాతి కాలంలో వాట్సన్‌కు కూడా సొమ్ము ముట్టి ఉండవచ్చునని వాదించే పరిశోధకులు లేకపోలేదు. ఆ తగవు వారికే వదిలి వార్టన్ దగ్గరకు వస్తాను.

1865 అక్టోబరు 28న నేటి ఘానా రాజధాని అయిన అక్రాలో వార్టన్ జన్మించాడు. ఆనాడు ఆ తీరానికి గోల్డ్ కోస్ట్ అని పేరు. తండ్రి హెన్రీ వార్టన్ వెస్ట్ ఇండీస్‌లోని గ్రెనడా నుంచి వచ్చిన మెథడిస్టు మతబోధకుడు, ఆయన రక్తంలో స్కాట్లండు పాలు కూడా ఉంది. తల్లి ఫాంటీ జాతి రాజబంధువుల ఇంటి ఆడపడుచు. ఇలాంటి ఇంట పుట్టిన పిల్లవాణ్ణి తండ్రిలాగే బోధకుణ్ణో బడిపంతులునో చేయాలని పెద్దల సంకల్పం. అందుకోసమే 1880ల తొలి సంవత్సరాల్లో ఇంగ్లండు పంపారు. ఉత్తరాన డార్లింగ్టన్ పట్టణంలోని క్లీవ్‌లాండ్ కళాశాలలో చేరిన ఆ యువకుడు వేదగ్రంథం కంటె మైదానాన్నే ఎక్కువగా ప్రేమించాడు. పరుగు, క్రికెట్టు, సైకిలు, ఫుట్‌బాల్ — ఏది పట్టినా ఆయనదే పైచేయి. పంతులు కావలసినవాడు ఆటగాడయ్యాడు. నా శిష్యుల్లోనూ అటువంటివారు లేకపోలేదు. తండ్రులు వచ్చి నా ముందు కళ్ళనీళ్ళు పెట్టుకొనేవారు.

1886 జూలై 3. లండనులో స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్ మైదానం. అది చెల్సీ క్లబ్బు పుట్టడానికి పందొమ్మిదేళ్ళ ముందు మాట. ఆనాటికి అది ఒట్టి పరుగుపందేల స్థలం. జాతీయ అమెచ్యూర్ పోటీల్లో వంద గజాల పరుగును వార్టన్ సరిగ్గా 10 సెకన్లలో ముగించాడు. అలాంటి పోటీలో ఆ దూరాన్ని ఆ కాలంలో అధికారికంగా పరుగెత్తిన మొదటి మనిషి ఆయనే. మరుసటి ఏడు స్టోర్‌బ్రిడ్జ్‌లో మళ్ళీ ఆయనే విజేత. అంటే ఆ రెండేళ్ళూ సామ్రాజ్యపు నడిగడ్డ మీద అందరికంటె వేగంగా పరుగెత్తగల మనిషి ఆఫ్రికా నుంచి వచ్చిన నల్లవాడు. మనుషుల్ని తరతమాలుగా విభజించే "శాస్త్రాలు" ఐరోపాలో మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లుతున్న రోజులవి. గడియారానికి ఆ శాస్త్రాలు తెలియవు.

ఇంత పరుగు గలవాడు ఫుట్‌బాల్‌లో ముందు వరుసన ఉంటాడని గదా అనుకుంటాం! వార్టన్ ఎంచుకున్నది గోలు ముంగిట నిలబడే పని. మా బడిలో అయితే పరుగెత్తలేని పిల్లవాణ్ణి "నువ్వు గోలీగా నిలబడరా" అని వెనక్కు తోసేవారు. కాని ఆ కాలపు ఇంగ్లండులో గోల్‌కీపరు పని నేటిలాంటిది కాదు. ఈ భాగం నాకు చాలా ఆసక్తిగా అనిపించింది కనుక కొంచెం విస్తరించి చెబుతాను, ఓపిక పట్టండి.

ఆనాడు గోల్‌కీపరు తన సగం మైదానంలో ఎక్కడైనా సరే చేతితో బంతి తాకవచ్చు. ఆ హక్కును పెనాల్టీ గీతల లోపలికి కుదించింది 1912లో. ఆయనకు ప్రత్యేకమైన రంగు చొక్కా లేదు, అందరితో పాటు అదే రంగు. వేరే రంగు నియమం 1909లో వచ్చింది. ఇక అసలు చిక్కు ఏమిటంటే, బంతి ఆయన చేతిలో ఉన్నా లేకపోయినా ఎదుటి జట్టువారు వచ్చి భుజంతో గుద్ది పడవేయవచ్చు. 1890ల దాకా దానికి అడ్డు లేదు. ఇద్దరు కలిసి గోల్‌కీపరును నేలకు కరిపిస్తే మూడోవాడు బంతిని తాపీగా లోపలికి తన్నేవాడు. అందుచేత బంతిని పట్టుకొని ముద్దు చేయడానికి వీలులేదు. పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది దూరంగా పంపవలసిందే. వార్టన్ పిడికిలి గుద్దు ప్రసిద్ధం. బంతినీ గుద్దేవాడు, అవసరమైతే బంతి కోసం వచ్చినవాణ్ణీ గుద్దేవాడని చెప్పుకొనేవారు. మీదికి దూకే మనుషుల్ని తప్పించుకొని బయటికి ఉరికి రావడానికి ఆయన పరుగు అక్కరకు వచ్చింది.

ఆయన విన్యాసాల్లో ఒకటి మాత్రం చెప్పకుండా ఉండలేను. 1942లో, అంటే వార్టన్ పోయిన పన్నెండేళ్ళకు, షెఫీల్డు పత్రిక ఒకదానికి ఒక వృద్ధ ప్రేక్షకుడు ఉత్తరం వ్రాశాడు. రోథర్‌హామ్ జట్టుకూ షెఫీల్డ్ వెన్స్‌డే జట్టుకూ జరిగిన ఆటలో వార్టన్ ఎగిరి గోలు పైనున్న అడ్డకర్రను రెండు చేతులా పట్టుకొని వేలాడి, వస్తున్న బంతిని కాళ్ళ మధ్య ఇరికించి ఆపాడట. అతని మీద పడబోయి దూసుకొచ్చిన ముగ్గురూ నేరుగా వలలోకి పోయి పడ్డారట. యాభయ్యేళ్ళు దాటిన ఆటల అనుభవంలో అటువంటిది మళ్ళీ చూడలేదని ఆ పెద్దమనిషి భావం. గోళ్ళకు వలలు కట్టడం 1891లో మొదలైంది కనుక ఇది ఆ తరువాతి ముచ్చటే అయి ఉండాలి. యుద్ధం మధ్యలో, బాంబులు పడుతున్న దేశంలో, ఒక ముసలాయన పనిగట్టుకొని కూర్చొని ఆ ఒక్క క్షణాన్ని కాగితం మీద పెట్టాడు. కావ్యాలను కాపాడిన లేఖకులకు మనం ఎంత ఋణపడ్డామో, ఈ కథ ఆ పాఠకుడికి అంత ఋణపడింది.

డార్లింగ్టన్‌కు ఆడుతున్న వార్టన్‌ను ప్రెస్టన్ నార్త్ ఎండ్ జట్టు పిలిచింది. అది ఆషామాషీ జట్టు కాదు. ఆటకు జీతం ఇవ్వవచ్చునా కూడదా అన్న మహావివాదానికి మూలవిరాట్టు. 1884లో అప్టన్ పార్క్ అనే లండను జట్టు, ప్రెస్టన్‌వారు ఆటగాళ్ళకు డబ్బిస్తున్నారని ఫిర్యాదు చేస్తే, ఆ క్లబ్బు పెద్ద విలియం సడెల్ బొంకలేదు. ఇస్తున్నాము, ఉత్తరాదిన అందరూ ఇస్తున్నారు అని ఒప్పుకున్నాడు. కప్పు పోటీ నుంచి ప్రెస్టన్‌ను వెలివేశారు. ఉత్తరాది క్లబ్బులు వేరుకుంపటి పెడతామని బెదిరించాక, 1885 జూలైలో ఫుట్‌బాల్ అసోసియేషన్ దిగివచ్చి వృత్తి ఆటను చట్టబద్ధం చేసింది. దక్షిణాది పెద్దమనుషులకు తాతలిచ్చిన ఆస్తి ఉంది. వారు ఆటను ఆటగానే ఆడగలరు. శనివారం మిల్లు మానేస్తే ఆ పూట కూలి పోయే మనిషి ఏం చేస్తాడు?

ఈ అమెచ్యూర్ గొడవ చదివినప్పుడు నాకు మన ధర్మశాస్త్రాలు గుర్తుకొచ్చాయి. జీతం పుచ్చుకొని చదువు చెప్పేవాడికి "భృతకాధ్యాపకుడు" అని పేరు పెట్టి, శ్రాద్ధానికి పిలవరాని వారి వరుసలో చేర్చాడు మనువు. ముప్ఫయి ఏళ్ళకు పైగా ఆ పాపమే చేసి, ఇప్పుడు పెన్షను తింటున్నవాణ్ణి గనుక నా సానుభూతి ప్రెస్టన్‌వారి పక్షానే.

వార్టన్ మాత్రం ప్రెస్టన్‌కు అమెచ్యూరుగానే ఆడాడు. 1887లో కప్పు సెమీఫైనల్ దాకా జట్టుతో నడిచాడు. అక్కడ వెస్ట్ బ్రామ్‌విచ్ చేతిలో 3–1తో ఓటమి. ఆ పోటీల కాలంలోనే ఒక క్రీడాపత్రికలో ఒక విమర్శకుడు వ్రాసిన వాక్యాలు చూశాను. వార్టన్ గోలు దగ్గర నిలబడితే ప్రెస్టన్ గెలుపు మీద పందేలు తగ్గిపోతాయని, గోలు స్తంభాల మధ్య వేషాలు వేయరాదన్న సంగతి ఆ నల్లవాడి మందపు బుర్రకు ఎక్కదా అని దాని సారాంశం. మూలంలోని మాట ఇంకా నీచంగా ఉంది, దాన్ని తెలుగు చేయడం నాకిష్టం లేదు. ఇతర గోల్‌కీపర్లు చేస్తే చమత్కారమనిపించుకున్నది ఈయన చేస్తే కోతిచేష్ట అయింది. పత్రికలు ఆయనను "డార్కీ వార్టన్" అనే వ్రాసేవి. కొందరు ద్వేషంతో, చాలామంది ముద్దుగానే అనుకొని. ఆయన ఇంటిపేరుకు ముందు రంగును తగిలించడం ఎంత సహజమైపోయిందంటే, మెచ్చుకొన్న వ్యాసాల్లో కూడా అదే మాట.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకుండా దాటవేస్తే ఈ వ్యాసం వ్రాసే అర్హత నాకుండదు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన బడిలో తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడుండేవాడు. కాటుక వంటి ఒళ్ళు, గాలి వంటి పరుగు. తోటి పిల్లలు వాణ్ణి "కాకి" అనేవారు. మొదట్లో వారించాను. తరువాత వారించడం మానేశాను. తరువాత నేనూ పిలిచాను. "కాకీ, ఆ పద్యం అప్పజెప్పు" అంటే తరగతి నవ్వేది, వాడూ నవ్వేవాడు. వాడు నవ్వుతున్నాడు గనుక వాడికి ఇష్టమేననుకున్నాను.

1888లో వార్టన్ ప్రెస్టన్‌ను వదిలి పరుగు మీదనే బ్రతకాలని షెఫీల్డు చేరాడు. అక్కడ పందేలు కాసే జనం ముందు సొమ్ముకు పరుగెత్తే పోటీలు జరిగేవి. ఆయన జీవితంలో అతి పెద్ద దురదృష్టం ఈ నిర్ణయమే అంటాను. ఎందుకంటే ఆ శరదృతువులోనే పన్నెండు జట్లతో ఫుట్‌బాల్ లీగు ఆరంభమయింది. ప్రెస్టన్ 22 ఆటల్లో 18 గెలిచి, 4 సమం చేసి, ఒక్కటీ ఓడలేదు. అదే ఏడు కప్పును ఒక్క గోలైనా ఇవ్వకుండా గెలిచింది. "అజేయులు" అని చరిత్రలో నిలిచిన ఆ జట్టు గోలు ముంగిట వార్టన్ లేడు.

1889లో రోథర్‌హామ్ టౌన్ క్లబ్బుతో ఒప్పందం చేసుకొని జీతానికి ఆడే ఫుట్‌బాల్ ఆటగాడయ్యాడు. ఈ లెక్కనే ఆయన "మొదటివాడు". మరుసటి ఏడు ఎమ్మా లిస్టర్ అనే స్థానికురాలిని వివాహమాడాడు. ఆటతో పాటు సారాయి దుకాణం నడిపాడు. అది ఆ రోజుల్లో ఆటగాళ్ళకు మామూలు ఉపాధి. 1893లో గోల్డ్ కోస్ట్ ప్రభుత్వంలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. పుట్టినగడ్డకు తిరిగిపోదామన్న కోరిక అయి ఉండవచ్చు, బ్రతుకుతెరువు భయమూ అయి ఉండవచ్చు. దొరలు కుదరదన్నారు. పందేలలో పరుగెత్తి పేరు తెచ్చుకున్నవాడు ప్రభుత్వోద్యోగానికి తగడట. ఇంగ్లండులో ఆయనను నిలబెట్టిన గుణమే అక్రాలో అనర్హత అయింది.

1894లో షెఫీల్డ్ యునైటెడ్ తీసుకుంది. కాని అదే సంవత్సరం డెర్బీషైర్ గనిపల్లె నుంచి విలియం ఫౌల్క్ అనే కుర్రవాడు కూడా వచ్చి చేరాడు. ఆరడుగులకు పైబడిన ఎత్తు, తరువాతి కాలంలో నూట ముప్ఫయి కిలోలు దాటిన శరీరం. ఆయన నిలబడితే వార్టన్‌కు చోటు లేదు. 1895లో సండర్లాండ్ మీద ఆడిన ఒక్క ఆటే మొదటి శ్రేణి లీగులో వార్టన్‌కు దక్కింది. ఆ ఒక్క ఆట చేతనే ఇంగ్లండు ప్రథమశ్రేణిలో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడని కూడా ఆయనను లెక్కిస్తారు. ఫౌల్క్ బొగ్గుగనిలోంచి మైదానానికి వచ్చాడు. వార్టన్ మైదానంలోంచి బొగ్గుగనికి పోయాడు. ఆ మాటకే వస్తున్నాను.

తరువాతి ఏళ్ళు దిగుడుమెట్లు. మళ్ళీ రోథర్‌హామ్, స్టేలీబ్రిడ్జ్ రోవర్స్, ఆష్టన్ నార్త్ ఎండ్, చివరకు స్టాక్‌పోర్ట్ కౌంటీ. 1902 ఫిబ్రవరిలో న్యూటన్ హీత్ మీద ఆడినదే చివరి లీగు ఆట. మరి రెండు నెలలకు ఆ న్యూటన్ హీత్ తన పేరు మార్చుకొని మాంచెస్టర్ యునైటెడ్ అయింది. వార్టన్‌కు అప్పటికి ముప్ఫయ్యారేళ్ళు. ఆటగాడి జీతానికి వారానికి 4 పౌండ్ల గరిష్ఠ పరిమితి 1901లోనే పెట్టారు. పెన్షను లేదు, దాచుకున్నదీ లేదు. డాంకాస్టర్ దగ్గర ఎడ్లింగ్టన్ గ్రామంలోని యార్క్‌షైర్ మెయిన్ బొగ్గుగనిలో బళ్ళు లాగించే పనిలో కుదిరాడు. వంద గజాలు పది సెకన్లలో పరుగెత్తిన కాళ్ళు భూమి కింద బొగ్గుబళ్ళ వెంట నడిచాయి. 1930 డిసెంబరులో దీర్ఘవ్యాధితో మరణించాడు. పేదలకు కేటాయించిన చోట, గుర్తురాయి కూడా లేకుండా పూడ్చిపెట్టారు.

ఇప్పుడు మొదటి చిక్కు దగ్గరికి. అదే 1930లో ఆర్సెనల్ మేనేజరు హర్బర్ట్ చాప్‌మన్ వియన్నా నుంచి రూడీ హైడెన్ అనే గొప్ప గోల్‌కీపరును తెచ్చుకోబోతే, డోవర్ రేవులోనే అధికారులు ఆపి వెనక్కు పంపారు. 1931లో ఫుట్‌బాల్ అసోసియేషన్ నియమం చేసింది. బ్రిటిష్ ప్రజ కానివాడు జీతానికి ఆడాలంటే రెండేళ్ళు ఆ దేశంలో నివాసముండాలి. 1978లో ఆ తలుపు తెరిచేదాకా, అర్జెంటీనా నుంచి ఆర్డిలెస్, విల్లాలు టాటెన్‌హామ్‌కు వచ్చేదాకా, ఆ నియమానిదే రాజ్యం. ఈ నియమంతో వార్టన్‌ను కొలిచి చూడండి. గోల్డ్ కోస్ట్ 1874లోనే బ్రిటిష్ వలస అయింది. ఆయన విక్టోరియా రాణిగారి ప్రజ. పరాయివాడు కాదు! చట్టం దృష్టిలో ఆయన ఎన్నడూ విదేశీ ఆటగాడు కాడు. ఉద్యోగమడిగినప్పుడు, ఇంగ్లండు జట్టును ఎంచినప్పుడు, పత్రికలవారు పేరు వ్రాసినప్పుడు మాత్రం అయ్యాడు. ఆయన ఇంగ్లండు పక్షాన ఒక్కసారైనా ఆడలేదు.

మనవారికీ ఈ వింత తెలియనిది కాదు. 1936లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ ఆటగాడు మహమ్మద్ సలీం గ్లాస్గోలో సెల్టిక్ జట్టుకు బూట్లు లేకుండా, కట్లు కట్టిన పాదాలతో రెండు ఆటలు ఆడి చూపరులను నివ్వెరపరిచాడు. ఆయన కూడా కాగితం మీద బ్రిటిష్ ప్రజే. ఆయనకు ఇంటి మీద బెంగ పట్టుకొని తిరిగి వచ్చేశాడు. వార్టన్‌కు తిరిగివచ్చే దారి మూసేశారు.

1990ల దాకా వార్టన్ పేరు తలచినవారు అరుదు. ఫిల్ వసీలి అనే పరిశోధకుడు పాత పత్రికలను, ప్రభుత్వ దస్త్రాలను తవ్వి ఆయన జీవితచరిత్ర వ్రాశాడు. అది 1998లో వచ్చింది. అంతకు ముందు సంవత్సరమే, షెఫీల్డులో జాత్యహంకారానికి ఎదురు నిలిచిన ఫుట్‌బాల్ అభిమానుల సంస్థ ఒకటి చందాలు పోగుచేసి ఎడ్లింగ్టన్ శ్మశానంలో సమాధిరాయి వేయించింది. పోయిన అరవై ఏడేళ్ళకు. 2003లో ఇంగ్లండు ఫుట్‌బాల్ ప్రముఖుల పట్టికలో ఆయనను చేర్చారు. ఆ పట్టికను నిర్వహించే మ్యూజియం ఆనాడు ప్రెస్టన్ నార్త్ ఎండ్ వారి డీప్‌డేల్ మైదానంలోనే ఉండేది. ఆయన పిడికిలితో బంతి గుద్దిన నేల అది. 2014లో ఇంగ్లండు జాతీయ శిక్షణ కేంద్రమైన సెయింట్ జార్జెస్ పార్క్‌లో విగ్రహం నిలిపారు. ఇంగ్లండు జట్టులో ఒక్కసారి చోటివ్వని మనిషి, ఇంగ్లండు జట్టు సాధన చేసే చోట గాలిలోకి ఎగిరి నిలిచి ఉన్నాడు.

ఇదంతా మనుమడికి చెప్పాను. కాకి కథ కూడా చెప్పాను. వాడు కొంచెంసేపు ఊరుకొని, "ఆ అబ్బాయి అసలు పేరేమిటి తాతయ్యా?" అన్నాడు.

ఏడాది పొడుగునా హాజరుపట్టీలో నేను స్వయంగా పిలిచిన పేరు. నాలుగు రోజులుగా జ్ఞాపకం చేసుకుంటున్నాను. రావడం లేదు.